నల్లమందు, ఒంటి తూటా రైఫిలు: పర్లాకిమిడిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1 నుంచి లెక్కకి ఒడిశా, నోటికి తెలుగు. ముప్పై ఏళ్లు లేత్ షాపు నడిపాను. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో, కొలరాడోలో ఉంటారు, అల్లుడుగారు అక్కడి పౌరుడు కూడా. ఆయనకి గురి పోటీల పిచ్చి ఉంది. రెండుసార్లు వెళ్లి ఆరేసి నెలలు ఉండి, ఆయన కొత్త రైఫిలుకి సరిపడే తూటాలు ఇంట్లోనే చేసి కుదుర్చుకుంటూంటే పక్కన కూర్చుని లెక్కలు రాసిపెట్టాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ టీ దుకాణం దగ్గర, పాతపట్నం పెళ్లిళ్లలో అవే ప్రశ్నలు. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసేస్తున్నాను. నల్లమందు అంటే ఇక్కడ అభిని కాదు, పాతకాలపు తుపాకీ మందు.

ఇంతకీ అది ఏం రైఫిలు?

ఒకసారికి ఒకే తూటా పట్టే రైఫిలు. మ్యాగజైను ఉండదు. కింద ఉన్న లీవరు ముందుకి తోస్తే లోపలి ఉక్కు దిమ్మ నిలువునా కిందికి జారి దారి తెరుచుకుంటుంది. తూటా పెట్టి లీవరు లాగితే దిమ్మ పైకొచ్చి మూసుకుంటుంది. ఈ ఏర్పాటుకి జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత దాన్నే వించెస్టర్ 1885 మోడలుగా అమ్మింది. అల్లుడుగారిది ఆ తరహాలో చేయించుకున్నది. బ్యారెలు ఒకరు, కర్ర ఒకరు, కూర్పు మరొకరు. కూర్చిన మేస్త్రీ నాలుగు నెలలన్నవాడు పద్నాలుగు నెలలు తిప్పాడు. మా వీధి దర్జీలే నయం అనిపించింది.

తూటా పేరు పాయింట్ నలభై అయిదు డెబ్భై. అమెరికా సైన్యం 1873లో తీసుకుంది. నలభై అయిదు అంటే అంగుళంలో నూరో వంతుల లెక్కన గుండు లావు, డెబ్భై అంటే అప్పట్లో పోసిన మందు బరువు, గ్రెయిన్ల లెక్కన. మందూ గుండూ పట్టే డొల్ల ఇత్తడిది, రెండంగుళాల పైచిలుకు పొడుగు.

మన కొండ పల్లెల్లో ఉండే నాటు తుపాకీ లాంటిదేనా?

మందు జాతి ఒకటే: సూరేకారం, బొగ్గు, గంధకం. పేలితే దీపావళి రాత్రి మా వీధి వాసనే వస్తుంది. తక్కినదంతా వేరు. నాటు తుపాకీకి మందూ గుండూ మూతి నుంచి దట్టించాలి, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. దీని గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి, పద్దెనిమిది అంగుళాలకి ఒక చుట్టు. గుండు బొంగరంలా తిరుగుతూ పోతుంది కాబట్టే ముక్కు తిప్పేయకుండా అంత దూరం నిలబడుతుంది.

మీరూ పేల్చారా?

లేదు. నేను పర్యాటక వీసా మీద వెళ్లినవాణ్ణి. అలాంటివాళ్లు తుపాకీ గాని తూటా గాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి గాని అల్లుడుగారు వాటి జోలికి పోనివ్వలేదు. నా చేతిలో ఉన్నవి మైక్రోమీటరు, దుర్బీను, రెండు వందల పేజీల పుస్తకం. నిజం చెప్పాలంటే పేల్చేవాడికంటే రాసేవాడికే ఎక్కువ తెలుస్తుంది.

మనం ఇక్కడ అలా తూటాలు చేసుకోవచ్చా?

కూడదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడమే నేరం. మందుకి 1884 నుంచీ పేలుడు పదార్థాల చట్టం ఉంది. గట్టు ఇటైనా అటైనా, ఒడిశా అయినా ఆంధ్రా అయినా అదే మాట. ఇంకొందరు గొంతు తగ్గించి మందు ఎలా కలుపుతారని అడుగుతారు. అల్లుడుగారు మందు కలపరు, ఒక పౌను డబ్బాల్లో కొంటారు. నేను చెప్పేదంతా డబ్బా కొన్న తర్వాతి సంగతే.

లోడు కుదర్చడం అంటే ఏమిటి? మందు ఎక్కువ పోస్తే ఎక్కువ దూరం పోతుంది కదా?

టీ దుకాణంలో ఈ ప్రశ్న పడగానే ఎవడో ఒకడు "మందు ఎంత పోస్తారో" అని నవ్వుతాడు. నవ్వనీండి. లోడు అంటే తూటాలో మందు, గుండు, కందెనల కొలతల కూర్పు. అసలు ఈ ఆటలో మందుకంటే దాని మసి గురించి ఆలోచించాలి. నల్లమందు కాలితే బరువులో సగానికి పైగా గాలిగా మారదు. కొంత పొగగా లేస్తుంది, మిగిలింది గొట్టం లోపల గారలా పట్టేస్తుంది. మొదటి గుండు శుభ్రమైన గొట్టంలో పోతుంది, రెండోది గార మీద, అయిదోది గార మీద గార మీద. దారి మారితే పోక మారుతుంది. పదో గుండు కూడా మొదటి గుండు చూసిన గొట్టాన్నే చూడాలి. అలా చేయగలిగితే లోడు కుదిరినట్టే. ఎంత మందు, ఎంత అదుము, ఏ కందెన, గుండు ఎంత మెత్తన అన్నవన్నీ ఆ గారని అదుపులో పెట్టడానికే.

వేగం మీద మోజు వద్దు. ఈ తూటాలో బరువు గుండుకి సెకనుకి 360 మీటర్ల చుట్టుపక్కలే వేగం. ఇంకో రెండు గ్రెయిన్లు కూరితే పెరిగేది కొంచెం, భుజం నొప్పి మాత్రం బాగా.

గ్రెయిను అంటే ఎంత?

గ్రాములో పదిహేనో వంతు కన్నా కాస్త తక్కువ, 64.8 మిల్లీగ్రాములు. కంసాలి లెక్కలో గురిగింజ ఎత్తులో సగం పైచిలుకు. పౌనుకి 7,000 గ్రెయిన్లు. తూటాకి 65 పోస్తే పౌను డబ్బాకి నూటేడు తూటాలు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఎలక్ట్రానిక్ తరాజుకి గ్రాములకీ గ్రెయిన్లకీ ఒకే బటను. మొదటి వారం ఒక రోజంతా గుండ్ల బరువులు కొన్ని గ్రాముల్లో, కొన్ని గ్రెయిన్లలో రాసి, ప్రమాణం మాత్రం రాయలేదు. 34.7 అని ఒకచోట, 535 అని ఇంకోచోట. రెండూ ఒకే గుండు. అల్లుడుగారు ఏమీ అనలేదు గాని మర్నాటి నుంచి ప్రతి పేజీ పైన తనే ఎర్ర సిరాతో "గ్రెయిన్లు" అని రాసి ఇచ్చేవారు. మందు తూచేటప్పుడు ఈ పొరపాటు జరిగి ఉంటే ఊరుకునే సంగతి కాదు.

ఏ మందు వాడతారు?

ఆయన వాడేది స్విస్ మందు, స్విట్జర్లాండులో ఓబోన్ అనే ఊళ్లో చేస్తారు. అమెరికా మందు గోఎక్స్ కూడా డబ్బా ఉంది. లూసియానాలోని ఆ ఫ్యాక్టరీ 2021లో మూతపడితే, బొమ్మ రాకెట్లు చేసే ఎస్టెస్ కంపెనీ కొనుక్కుంది. పలుకు సైజుని ఎఫ్‌లతో చెబుతారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నం, మంట వేగం. ఈ సైజు తూటాకి ఒకటిన్నర ఎఫ్ లేదా రెండు ఎఫ్‌లు నప్పుతాయి. బొంబాయి రవ్వకీ ఇడ్లీ రవ్వకీ ఉన్నపాటి తేడా అనుకోండి. ఒక మందుకి కుదిరిన లెక్క రెండోదానికి కుదరదు.

ఎంత మందు, ఎంత అదమాలి?

ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న, ఓపిక పట్టండి.

ముందు గుండు ఎక్కడ కూర్చోవాలో తేల్చుకుంటారు. తూటా లోపలికి పెట్టి మూసినప్పుడు గుండు భుజం గాడుల మొదలుకి మెత్తగా తగలాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తే గుండు అడుగు డొల్లలో ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. ఆ కింద ఉన్న జాగా అంతా మందుతో, దానిపై ఒక అట్ట బిళ్లతో నిండిపోవాలి.

జాగా కొలతేమో మారదు. మందు పెంచితే అదుము దానంతటదే పెరుగుతుంది. కొత్తవాళ్లు 63, 64, 65, 66 అని గ్రెయిను గ్రెయిను పెంచుకుంటూ పోయి, మందు మార్చాం అనుకుంటారు. మారింది రెండూ. లక్ష్యం మీద గుండ్లు పడ్డ గుంపు బాగుపడితే మందు వల్లా, అదుము వల్లా? తెలియదు. అందుకే బిళ్లలు రెండు మందాల్లో ఉంచుకున్నాం, ముప్పావు మిల్లీమీటరువి, ఒకటిన్నర మిల్లీమీటర్లవి. మందు తగ్గించిన చోట మందం బిళ్ల వేసి అదుము అక్కడే నిలబెడతాం. లేత్ మీద అదే చేస్తాం కదా, ఫీడు మార్చిన రోజు స్పీడు ముట్టుకోం.

బిళ్లలు కోసే పంచ్ నేనే పర్లాకిమిడిలో తిప్పి పట్టుకెళ్లాను. సిల్వర్ స్టీలు, నోరు 11.6 మిల్లీమీటర్లు, నీళ్ల బదులు నూనెలో ముంచి గట్టిపరిచినది. దేవదారు దిమ్మ మీద అట్ట పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తే అంచు చిట్లకుండా బిళ్ల ఊడొచ్చేది. రెండు వేసవులకి రెండు వేల పైనే కోసి ఉంటాను.

మందు పోసే పద్ధతి కూడా లెక్కే. గుప్పెట్లోంచి పోసినట్టు పోయరు. రెండడుగుల పైన పొడుగున్న సన్నని ఇత్తడి గొట్టం నిలబెట్టి, దాని గుండా నెమ్మదిగా జారవిడుస్తారు. మన కుంచం సంగతి తెలిసిందే. ఊరికే నింపితే ఒక లెక్క, కుదిపి నింపితే ఇంకో లెక్క. ఈ గొట్టం కుదపకుండా కుదిపిన పని చేస్తుంది. పలుకులు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి, ప్రతి డొల్లలో ఒకే ఎత్తు వస్తుంది. ఆ తర్వాత బిళ్ల వేసి, అదిమే డైతో నొక్కుతారు. గుండుతోనే నొక్కేస్తే? మెత్తని సీసం, అడుగు ఉబ్బిపోతుంది. గోఎక్స్‌కి గట్టి అదుము కావాలి, స్విస్ తక్కువతో సరిపెట్టుకుంటుంది.

కాస్త ఖాళీ ఉంటే ఏమవుతుంది?

నల్లమందు తూటాలో మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉండకూడదు. బ్యారెలు లోపల చుట్టూ కడియం వేసినట్టు ఉబ్బిపోవచ్చు. అలా ఉబ్బిన బ్యారెలు ఇనప సామానుకే.

పొగలేని మందు అంతే కొలతలో పోస్తే?

తుపాకీ పగులుతుంది, పోసినవాడి మొహం కూడా. పొగలేని మందు, అంటే ఇప్పటి తూటాల్లోది, జాతే వేరు. బల్ల మీద రెండు డబ్బాలు ఒకేసారి తెరిచి ఉండకూడదన్నది ఆ గదిలో మొదటి నియమం.

గుండ్లు ఇంట్లోనే పోస్తారా?

ఆ. సీసం ఇరవై పాళ్లు, తగరం ఒక పాలు. తగరం వేస్తే అచ్చు మూలల్లోకి చక్కగా పాకుతుంది, కాస్త గట్టిపడుతుంది. మరీ గట్టిగా ఉంటే పనికిరాదు. మందు కొట్టిన దెబ్బకి గుండు వెడల్పై గాడుల్ని పూర్తిగా నింపాలి. పోత షెడ్డు తలుపులు తెరిచే పోస్తారు, అయ్యాక మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటారు. సీసం ఒంట్లోకి పోతే బయటికి రావడం కష్టం.

గుండు లావు ఎంత ఉండాలన్నది గొట్టమే చెప్పాలి. మెత్తని సీసం ముక్క ఒకటి గొట్టంలో ఈ చివర నుంచి ఆ చివరికి తోసి, బయటికొచ్చాక మైక్రోమీటరుతో కొలుస్తారు. మా అదృష్టం, గాడులు ఆరు, సరి సంఖ్య, ఎదురెదురుగా ఉంటాయి. అయిదు గాడులైతే మామూలు మైక్రోమీటరు పని చెయ్యదు, ఆసరా దిమ్మ ఉన్నది కావాలి. అక్కడివాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ సంగతి విని ఆశ్చర్యపోయారు. నేను లోలోపల కాస్త పొంగిపోయాను.

గుండుకి రాసే కందెనకి తేనెమైనం, జంతు కొవ్వు, కొంచెం వంటనూనె రకం. పెట్రోలియం గ్రీజు వద్దు. నల్లమందు మసితో కలిసి తారు అయిపోతుంది.

మన పర్లాకిమిడి కొమ్ములో మందు పోసుకోవచ్చా?

కొమ్ము పని చేసే మా మిత్రుడొకడు దీన్ని పట్టుకుని వదల్లేదు. పాతకాలం వేటగాళ్లు ప్రపంచమంతా కొమ్ములోనే మందు మోసేవారు. తేలిక, తడి పట్టదు, నిప్పురవ్వ పుట్టదు. తూటా రైఫిలుకి ఆ అవసరం లేదు. అయినా మిత్రుడు నునుపు తేల్చిన కొమ్ము చెంచా ఒకటి చేసిచ్చాడు. తరాజు పళ్లెంలోకి ఆఖరి నాలుగు పలుకులు విదల్చడానికి అల్లుడుగారు ఇప్పటికీ అదే వాడుతున్నారు. ప్లాస్టిక్ చెంచాకైతే పలుకులు అంటుకుని ఊడవు.

పేల్చాక గొట్టంలోకి నోటితో ఊదుతారట, నిజమేనా?

నిజమే. దిమ్మ కిందికి దించి, ఖాళీ డొల్ల తీసేసి, వెనక నుంచి ఒక గొట్టం పెట్టి నిదానంగా ఊదుతారు. ఊపిరిలో ఉండే తడి గారని మెత్తబరుస్తుంది. ఎన్ని ఊదులన్నది కూడా లెక్కే. కొలరాడో గాలి ఎంత పొడి అంటే, తడిబట్ట ఆరేసి టీ తాగి వచ్చేలోపు ఆరిపోయేది. అక్కడ ఆరు ఊదులు పట్టేవి. మన ఊళ్లో శ్రావణంలో అయితే రెండు చాలేమో. ఊదడం కాకుంటే తడి గుడ్డముక్క, పొడి గుడ్డముక్క వరసగా తోసి తుడవడం. ఏదైనా సరే, ప్రతి గుండుకీ ఒకేలా చెయ్యాలి. ఒక మధ్యాహ్నం అయిదో గుండు దాకా బెత్తెడు గుంపు, ఆరోది పైన ఎక్కడో. పుస్తకం చూస్తే అయిదో గుండు తర్వాత ఫోనొచ్చింది, ఊదింది మూడే. ఆ వరసలో నేను ఫోను సంగతి కూడా రాసి ఉండకపోతే మందుని తిట్టుకునేవాళ్లం.

ఎక్కడైనా గట్టిగా దెబ్బ తిన్నారా?

తిన్నాం. మొదటి వేసవిలో మూడు వారాలు ఏ లోడూ కుదరలేదు. తుడిచిన గుడ్డ మీద వెండి పొరల్లాంటి సీసం తుంపులు. కందెన మార్చారు, మందుకి నిప్పంటించే ప్రైమరు మార్చారు, తగరం పెంచారు. వద్దంటున్నా రెండేసి ఒకేసారి మార్చారు. చివరికి చాంబరు, అంటే బ్యారెలు వెనక తూటా కూర్చునే గది, దానికి పోత తీద్దామన్నాను. దానికి సెర్రోసేఫ్ అనే లోహం ఉంది, మరిగే నీళ్లకంటే తక్కువ వేడికే కరుగుతుంది. పోశాక ముందు కుంచించుకుని, గంట గడిచేసరికి చాంబరు కొలతకి వస్తుంది, అప్పుడు కొలవాలి. కొలిస్తే చాంబరు మా డొల్లల కన్నా దాదాపు అర మిల్లీమీటరు పొడుగు. డొల్ల మూతి ముందు ఆ సందులోకి మెత్తని సీసం ఉబ్బి, ప్రతిసారీ ఉంగరంలా తెగి మిగిలిపోతోంది. పద్నాలుగు నెలలు తీసుకున్న మేస్త్రీ చాంబరు తొలిచే రీమరుని అంతమేర లోతుకి తోసేశాడు. పొడుగు డొల్లలు తెచ్చి చాంబరుకి సరిపడా కత్తిరించాక మర్నాడే గుడ్డ నల్లగా వచ్చింది, వెండి లేదు.

ఎన్ని పేలిస్తే లోడు మంచిదని తెలుస్తుంది?

మూడు గుండ్లు ఒకే కన్నంలో పడ్డాయని ఫొటో తీసేవాళ్లని నమ్మకండి. నల్లమందుకి మూడు గుండ్లంటే గార ఇంకా పట్టనేలేదు. మేం పదేసి పేల్చి, అదే లోడు ఇంకో రోజు ఇంకో ఎండలో మళ్లీ పది పేల్చేవాళ్లం. రెండు రోజులూ నిలబడ్డవాటినే పుస్తకంలో ఉంచాం. తక్కిన పేజీల మీద అడ్డగీత.

కడగడానికి ఏం వాడతారు?

నీళ్లు. మసిలో ఉప్పుల్లాంటివి ఉంటాయి, గాలిలో తడి పీల్చి తుప్పు పట్టిస్తాయి. కాబట్టి ముందు నీళ్లు, ఆ తర్వాతే నూనె. డొల్లల్ని ఆ సాయంత్రమే సబ్బు నీళ్లలో వెయ్యాలి, లేకపోతే ఇత్తడికి చిలుము పడుతుంది. మన గాలికి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి గొట్టం గతి చెప్పక్కర్లేదు.

ఈ పోటీల్లో ఎంత దూరం?

ఇనప బొమ్మల పోటీలో కోళ్లు 200 మీటర్లు, పందులు 300, సీమకోళ్లు 385, పొట్టేళ్లు 500. కోళ్లని నిలబడే కొట్టాలి. న్యూ మెక్సికోలో రాటన్ దగ్గర చూశాను. పొట్టేలుకి గురి పెట్టి పేలిస్తే ముందు "ధుం", తెల్లటి పొగ, అంతే, ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు. అప్పుడు "టంగ్". గుండు వెళ్లడానికి ఒకటిన్నర సెకను పైనే, చప్పుడు తిరిగి రావడానికి ఇంకో ఒకటిన్నర. దుర్బీనులో పొట్టేలు పడిపోవడం ముందు కనిపిస్తుంది, చెవికి తర్వాత అందుతుంది. మొదటిసారి నా పెన్ను ఆగిపోయింది.

ఇంకా దూరం పోటీలు పాతవే. 1874లో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్‌లో అమెరికా, ఐర్లండు జట్లు 800, 900, 1,000 గజాల్లో తలపడ్డాయి. ఐరిష్‌వాళ్లవి మూతి నుంచి దట్టించే రైఫిళ్లు, అమెరికావాళ్లవి వెనక నుంచి తూటా పెట్టేవి. అమెరికా 934, ఐర్లండు 931. ఒక ఐరిష్ గుండు పక్కవాళ్ల లక్ష్యానికి తగిలింది, లేకపోతే కథ ఎలా ఉండేదో.

మరి చివరికి ఏ లోడు ఖాయం చేశారు?

స్విస్ ఒకటిన్నర ఎఫ్ 66 గ్రెయిన్లు, ముప్పావు మిల్లీమీటరు బిళ్ల, రెండు మిల్లీమీటర్ల అదుము, 535 గ్రెయిన్ల గుండు. 200 మీటర్లలో పది గుండ్లూ బెత్తెట్లో పడతాయి. అది ఆ ఒక్క రైఫిలుకి, ఆ ఒక్క చాంబరుకి కుదిరిన లెక్క. దీన్ని చూసి ఇంకెవరూ పోసుకోకూడదు. అల్లుడుగారు కూడా పైనుంచి మొదలుపెట్టలేదు, 62తో మొదలుపెట్టారు.

జూన్ ఎండలో మాత్రం ఏడో గుండు తర్వాత గార గట్టిపడి గుండు పైకి పోతోంది. కందెనలో మైనం తగ్గించి చూస్తానన్నారు. మొన్న ఆదివారం ఫోన్లో ఆ పేజీ నాకు చదివి వినిపించారు. ఊదుల వరస ఖాళీ.

"అల్లుడుగారూ, ఊదులెన్ని?" అన్నాను.

"రాయడం మర్చిపోయాను మావయ్యగారూ," అన్నారు.